నూనెలో నానుతున్న ప్లేట్లు

మొదటి షిఫ్టు దిగి గని లాంప్ రూంలో టోపీ దీపం అప్పజెబుతుంటే, అక్కడ కూర్చునే మనిషి మెల్లగా అన్నాడు. "అన్నా, మీ ఉస్తాద్ పోయిండంట. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే." స్నానం కూడా చేయకుండా పరుగెత్తాను. జనాజా లేచేసరికి అందుకున్నాను. బొగ్గు మసి చొక్కాతోనే భుజం పట్టాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. గోదావరిఖనిలో మసి పట్టిన మనిషి కొత్త కాదు.

టిప్పర్ల, జీపుల వెనక ఇరుసులు విప్పి బాగుచేయడం ఉస్తాద్ పని. షెడ్డూ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. నేను భూగర్భ గనిలో పనిచేస్తాను. నడుమూ మోకాళ్ళూ ఎప్పుడో చేతులెత్తేశాయి. అలాంటి మనిషికి ఉండకూడని సరదా ఒకటి నాకుంది. పాత కారొకటి కొని, సీట్లు పీకేసి, హైదరాబాద్ వైపు ట్రాక్ మీద పోటీలకు తిప్పుతాను. "ఎంత తిరిగినా బయలెల్లిన కాడికే వస్తవు. గా దానికి గింత హైరానా ఎందుకు?" అని మా ఆవిడ అడుగుతుంది.

ఆ కారు వెనక ఇరుసు నడుమ ఉన్నది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే మామూలు డిఫరెన్షియల్‌కు ఒక దుర్గుణం ఉంది. ఒక చక్రం పట్టు తప్పితే బలమంతా దానికే ధారపోస్తుంది. ఈ రకంలో పలచటి ప్లేట్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని రెండు చక్రాలనూ కలిపి నడిపిస్తాయి. ఆఖరిసారి ట్రాక్ మీదికి వెళ్ళినప్పుడు మలుపులో లోపలి చక్రం గిర్రున తిరిగి పొగలు కక్కింది. కారు మాత్రం ముందుకు పోలేదు.

షెడ్డుకు తెస్తే ఉస్తాద్ డిఫరెన్షియల్ డబ్బా విప్పాడు. మాడిన నూనె వాసన గుప్పుమంది. ఒక ప్లేటు తుడిచి గోరుతో గీశాడు. గోరు జారింది.

"చూసినవా తమ్మీ? గోరు నిలువలె. గిది అద్దం లెక్క అయింది."

"కొత్తది తెప్పిద్దామా ఉస్తాద్? ఇంకా మంచి రకాలు వస్తున్నయి."

"డబ్బా మంచిగనే ఉన్నది. అరిగింది ప్లేట్లు. పన్ను ఊగితే తలకాయ మారుస్తమా?"

నా కారు పనిలో నేనూ చెయ్యి వేసేవాణ్ణి. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పానా ఇచ్చే ముందు చాయ్ పోసి, "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవాడు. మనం కూర పేరు చెప్పి, ఉప్పు ఎక్కువైందనో, బజార్లో వంకాయలు బాగాలేవనో నాలుగు మాటలాడితే పానా చేతికొచ్చేది. ఒక్క ముక్కలో తేల్చేస్తే వచ్చేది కాదు. "బండి అలిసిపోతే సప్పుడు చేస్తది. మనిషి అలిసిపోతే సప్పుడు బంద్ చేస్తడు. పో, పండుకో" అనేవాడు. షిఫ్టు దిగి వచ్చిన నన్ను ఎన్నిసార్లు అలా వాపసు పంపాడో. చిరాకేసేది. కానీ ఈ ఊళ్ళో నా అలసట గురించి ఫికర్ చేసిన మనిషి ఆయనొక్కడే అని ఇప్పుడు అనిపిస్తుంది.

కొత్త ప్లేట్లు వచ్చిన రోజు వాటిని ఒక్కొక్కటిగా నూనె తట్టలో ముంచాడు. "పొడిగ ఎక్కిస్తే కాలిపోతయి. నాననియ్యి. జల్ది ఏమున్నది? రేపు ఎక్కిద్దం" అన్నాడు. ఆ రేపే ఆయన పోయింది.

షెడ్డు తాళంచెవి ఉస్తాద్ భార్య చాచీ దగ్గర ఉంది. ఆమె ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడవాళ్ళు నాలుగు నెలల పైన గడప దాటకుండా, బయటి మగవాళ్ళకు ఎదురుపడకుండా ఉండే కాలం అది. తాళంచెవి ఎలా అడుగుతాను? కారు విప్పిన ఇరుసుతో షెడ్డులోనే ఉండిపోయింది. తోటివాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. వేరే మెకానిక్ ఉన్నాడన్నారు, అమ్మేసెయ్ అన్నారు. డ్యూటీకి పోతూ, వస్తూ ఆ తాళం వైపు చూసేవాణ్ణి. నిజం చెప్పాలంటే పోటీల మీద ఆశ చాలావరకు చచ్చిపోయింది. ఆయన మొదలుపెట్టిన ఆ ఒక్క పనీ ఇంకొకరి చేతికి పోకుండా, సగంలో ఆగకుండా పూర్తయితే చాలనుకున్నాను. అంతకు మించి ఏదీ కోరుకునే ఓపిక లేదు.

ఇద్దత్ అయిపోయిందని కబురొచ్చింది. షిఫ్టు దిగి నేరుగా వెళ్ళాను. షెడ్డు పక్కనే ఉన్న ఇంటి గుమ్మం పరదా వెనక నుంచి చాచీ గొంతు వినిపించింది.

"ఇయ్యాల ఏం కూర బేటా?"

ఇన్నేళ్ళూ ఆ పరదా వెనకే ఆమె మా చాయ్ కాచింది. అన్నీ విన్నది.

"పప్పు," అన్నాను. తాళంచెవి కోసం చెయ్యి చాచాను.

"గట్లైతే తాళంచెవి ఇయ్య. పో, పండుకో. రేపు రా."

ఇంటికి పోయి పడుకున్నాను. ఆయన పోయాక అంత గాఢంగా నిద్రపోయింది ఆ రోజే. మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. బీరకాయ గురించి, అది చేదుగా వచ్చిందని, దాని మీద మా ఇంట్లో జరిగిన లొల్లి గురించి పరదాకు వివరంగా చెప్పాను. పరదా కింది నుంచి తాళంచెవి వచ్చింది.

ప్లేట్లు తట్టలో అలాగే ఉన్నాయి. ఇంతగా నానిన ప్లేట్లు ఏ దేశంలోనూ ఉండవు. ఆయన పేర్చే వరుసలోనే పేర్చాను, డబ్బా మూసి ఇరుసు బిగించాను. ఇక మిగిలింది పరీక్ష. వెనక రెండు చక్రాలూ పైకి లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, కుడి చక్రం చేత్తో తిప్పాలి. ఎడమది ఎదురు తిరిగితే పని చెడినట్టు, తోడుగా తిరిగితే కుదిరినట్టు. కుడివైపు నుంచి ఎడమది కనబడదు. అటు ఎప్పుడూ ఉస్తాద్ కూర్చునేవాడు, చక్రం మీద అరచేయి ఆనించి.

కుడి చక్రం పట్టుకున్నాను. అడగడానికి అటు ఎవరూ లేరు.

గుమ్మం పరదా రింగులు గలగలమన్నాయి. చెప్పుల చప్పుడు కారు వెనక నుంచి ఎడమవైపుకు పోయి ఆగింది.

"తిప్పు బేటా," అన్నది చాచీ.

తిప్పాను. చక్రం బరువుగా కదిలింది.

"వస్తున్నది," అన్నది అటువైపు నుంచి. "నీ ఎంబడే వస్తున్నది."