‘ఫ్రీ’ అన్న మాట వెంట కోరుట్ల, జగిత్యాల

సిరిసిల్లలో ముప్పై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత ఈ నాలుగేళ్ళలో నా ఇంగ్లీషుతో పనిపడ్డవాళ్ళు ముగ్గురే. ఒకాయన మిక్సీ వారంటీ కార్డు చదివించుకున్నాడు. ఇంకొకాయన అల్లుడు పంపిన మెసేజీ చదివించుకుని, చదివించుకున్నందుకు బాధపడ్డాడు. వీళ్ళిద్దరి పనీ మా అరుగు మీదే అయిపోయింది. మూడోవాడు మల్లేశం. అతని పనికి ఒక పూర్తి రోజు, అయిదు బస్సులు పట్టాయి.

మల్లేశం ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదివాడు. ఇప్పుడు ముప్పై అయిదేళ్ళుంటాయి. తండ్రి ఇచ్చిన నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుకుంటున్నాడు. ఆర్డర్లున్న నెల నడుపుతాడు, లేని నెల తుడిచి నూనె పెడతాడు. ఈ మధ్య తుడవడమే ఎక్కువైంది. కోరుట్లలో ఒక ఏజెంటు అతనికి గల్ఫ్‌కు ‘ఫ్రీ వీసా’ ఉందని చెప్పాడు. ఆ ఫ్రీ వీసాకు కట్టవలసిన డబ్బు కోసం మల్లేశం తన నాలుగు సాంచెలనూ పాత ఇనుము కింద అమ్మడానికి మాట ఇచ్చేశాడు. సంతకం పెట్టి వచ్చిన మర్నాడు పొద్దున్నే లారీ వస్తుంది.

ఫ్రీ వీసాకు డబ్బెందుకని అడిగాను.

“ఫ్రీ అంటే గా ఫ్రీ కాదు సార్,” అన్నాడు. మరి ఏ ఫ్రీ అంటే అతనికీ తెలియదు. కాయితం ఇంగ్లీషులో ఉంటుందట, సంతకం పెట్టే ముందు నేనొకసారి చదివితే చాలట.

ముప్పై ఏళ్ళు ఆ మాట నల్లబల్ల మీద రాసినవాణ్ణి. ఇందులో నాకు తెలియని ఫ్రీ ఏదో ఉందనేసరికి ఇంట్లో కూర్చోలేకపోయాను.

పొద్దున ఆరూ నలభైకి సిరిసిల్ల బస్టాండులో వేములవాడ బస్సెక్కాము. నేను, మల్లేశం, అతని భార్య లావణ్య. లావణ్య బీడీలు చుడుతుంది, తక్కువ మాట్లాడుతుంది. పాస్‌పోర్టు, ఫొటోలు ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు మా ఇద్దరికీ డబ్బులు తీసుకుని టికెట్లిచ్చి, ఆమెకు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చింది. వెనక సీటు పెద్దమనిషి ఆడవాళ్ళంతా ఫ్రీ అని ఊరికే తిరుగుతున్నారని ఎవరితోనని కాకుండా అన్నాడు. లావణ్య పక్కనున్న ముసలమ్మ చెంప మీది గుడ్డ తీసి అతనివైపు తిరిగింది.

“పన్ను పీకిచ్చుకోను పోతున్న. నువ్వు గూడ రా, నీకు గూడ పీకిపిస్త,” అంది. తర్వాత వేములవాడ దాకా ఆయన కిటికీలోంచి చేలు చూశాడు.

ఏడుంబావుకు వేములవాడలో దిగి, బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాము. సర్వరు ఆ మూల టేబుల్ ఇప్పుడే ఫ్రీ అయితది, కూసోన్రి అన్నాడు. సాంబారు ఎంత పోసుకున్నా ఫ్రీ అన్నాడు. రెండోసారి చట్నీ అడిగితే మాత్రం మొహం మరోలా పెట్టాడు. ఈ దారిన వచ్చేవారు టిఫిన్ ఇక్కడే కానిచ్చుకోవడం మంచిది. తర్వాత కోరుట్ల దాకా ఆగేచోట్ల టీ తప్ప ఏమీ దొరకలేదు.

ఎనిమిదికి కోరుట్ల బస్సు. రుద్రంగి దాటాక నిలబడే చోటు కూడా లేదు. నేను ఇంగ్లీషు సారునని మల్లేశం ఎవరితోనో అన్నాడు. దాంతో కథలాపూర్‌లో ఎక్కిన ఒక రైతు నన్ను డాక్టరు కిందే లెక్కేశాడు. మూడు రోజులుగా మోషన్ ఫ్రీ అయితలేదని నెమ్మదిగా చెప్పుకున్నాడు. నేను ఇంగ్లీషే చెబుతానని, మందులు చెప్పనని అన్నాను. మరి గిది ఇంగ్లీషే గద అన్నాడు. నీళ్ళు ఎక్కువ తాగమన్నాను.

కోరుట్లలో దిగేసరికి పది కావస్తోంది. ఏజెంటు ఆఫీసు మొబైల్ షాపు పైన, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. గోడ మీద ఆకాశమంత భవనం బొమ్మ, కింద ప్లాస్టిక్ పూలు. ఏజెంటు నలభై ఏళ్ళ మర్యాదస్థుడు. నన్ను సార్ అని, లావణ్యను అమ్మా అని, మల్లేశాన్ని తమ్మీ అని పిలిచి టీ తెప్పించాడు. టీ కూడా ఫ్రీయే.

నేను ఫ్రీ వీసా అంటే ఏమిటని అడిగాను. ఆయన ఈ ప్రశ్నకు అలవాటుపడ్డవాడిలా కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“పైసలు లేకుంట ఇచ్చుడు కాదు సార్. మనిషి ఫ్రీ. ఒక్క కంపెనీకి కట్టుబడి ఉండుడు లేదు. ఏడ పని దొరికితే గాడ చేసుకోవచ్చు.”

అర్థం బాగానే ఉంది. స్వేచ్ఛ అన్నమాట. స్వేచ్ఛకు ఖర్చవుతుందని చరిత్ర పుస్తకాల్లో కూడా ఉంది. నేను కాయితం అడిగి తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను.

ఒకటే పేజీ. మల్లేశం ఎవరో షేకు దగ్గర గొర్రెల కాపరిగా చేరుతున్నట్టు ఉంది. వేరేచోట పనిచేసుకోవచ్చని ఎక్కడా లేదు. ఫ్రీ అన్న మాట కోసం పైనుంచి కిందికి వెతికాను. చిట్టచివరి వాక్యంలో దొరికింది. అభ్యర్థి విమానం ఎక్కిన తర్వాత ఏజెంటు సమస్త బాధ్యతల నుంచి ఫ్రీ అని అందులో ఉంది. కాయితం మొత్తంలో ఆ మాట అక్కడొక్కచోటే ఉంది, స్వేచ్ఛ ఆయనొక్కడికే ఉంది.

ఇదంతా తెలుగులో చదివి వినిపించాను. ఏజెంటు నొచ్చుకోలేదు. అందరి కాయితమూ ఇట్లనే ఉంటదని, ఇది రాతకోతల పద్ధతని అన్నాడు. మల్లేశం తల వంచుకున్నాడు. తమ గల్లీలో ఐదుగురు ఇలాగే పోయారని, నేను చదివింది నిజమే కానీ చేతిలో పని లేదని నాతో మెల్లగా అన్నాడు. నేను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు లావణ్య మొదటిసారి నోరు విప్పింది.

“గొర్లు కాయకుంట బయట పనిచేస్తుంటె పోలీసోళ్ళు పట్టుకుంటె?”

“పట్టుకోరమ్మా.”

“పట్టుకోకుంటె మంచిదే. పట్టుకుంటె ఎవలకు ఫోన్ చెయ్యాలె?”

“నాకే చెయ్యిన్రి,” అన్నాడు ఏజెంటు. “నేను ఫ్రీ ఉంటె తప్పక ఎత్తుత.”

లావణ్య లేచి నిలబడింది. ఏజెంటు పాస్‌పోర్టు ఇక్కడ పెట్టిపోతే పని తొందరగా అవుతుందన్నాడు. సంచి ఆమె భుజానికే ఉంది. జగిత్యాలలో తన పెద్దనాన్న కొడుకు రాజన్న ఉన్నాడని, ఇలాంటి వీసా మీదే పోయి నాలుగేళ్ళుండి వచ్చాడని, ఆయన్ని అడిగి సాయంత్రం చెబుతామని అంది. మల్లేశం సంతోషించాడు. అసలు అతనికి గల్ఫ్ ఆశ పుట్టించింది ఆ రాజన్నే. రెండేళ్ళ కింద వచ్చినప్పుడు వీళ్ళకో బరువైన రగ్గు, అత్తరు సీసా తెచ్చిచ్చాడట.

పదకొండూ యాభైకి జగిత్యాల బస్సు దొరికింది. మేడిపల్లి దాటాక ముగ్గురికీ సీట్లు దొరికాయి. అసలు ఈ ఫ్రీ అన్న మాట ఎక్కడ పుట్టిందని మల్లేశం అడిగాడు. రిటైరయ్యాక ఇలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేను కొంచెం సర్దుకుని కూర్చున్నాను.

వేల ఏళ్ళ కింద ఆ మాటకు ఇష్టమైన, మనవాడైన అని అర్థమని చెప్పాను. ఇంట్లో బానిసలూ ఉండేవాళ్ళు, కన్నవాళ్ళూ ఉండేవాళ్ళు. ప్రేమగా చూసుకునే సొంత మనుషులు ఫ్రీ, మిగిలినవాళ్ళు కాదు. ఫ్రెండ్ అన్న మాటా ఆ వేరుదే. డబ్బు లేకుండా ఇవ్వడం అన్న అర్థం చాలా తర్వాత వచ్చింది. మన ‘ప్రియ’ కూడా ఆ కుటుంబపుదే. అదే తెలుగులో ప్రియమై, ఖరీదు ఎక్కువైన దానికి పేరైంది.

లావణ్య కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. “పిరం అంటమే, గదేనా సార్?”

“అదే.”

“గట్లయితె ఏజెంటు అబద్ధం చెప్పలే. పిరం వీసా అనే చెప్పిండు.”

ముప్పై ఏళ్ళలో నా పాఠం ఇంత తొందరగా అర్థం చేసుకున్నవాళ్ళు లేరు. మల్లేశం మాత్రం నవ్వలేదు.

ఒంటిగంటకు ముందే జగిత్యాల చేరాము. రాజన్నకు పంక్చర్ల షాపుంది. వెనక గదిలో కాపురం. మేము వచ్చిన పని మల్లేశం చెప్పగానే ఆయన చేతిలోని ట్యూబు నీళ్ళ తొట్టిలోనే వదిలేశాడు. ముందు భోజనం చేయమన్నాడు. లావణ్య వదిన అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు పెట్టింది. తింటున్నంతసేపూ ఆయన సిరిసిల్ల సంగతులే అడిగాడు. ఆమె గిన్నెలు తీసుకుని బయటికి వెళ్ళాక నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“రెండేండ్లు మంచిగనే పనిజేసిన బావా. తర్వాత వీసా మల్ల చేయిచ్చుకోవాలంటె షేకు అడిగినంత నా తాన లేదు. కాయితం అయిపోయింది. కాయితం లేనోనికి ఎవడు పనిస్తడు? ఇంటికి పోదామన్నా కాయితం గావాలె. ఇంకో రెండేండ్లు గా రూములనే ఉన్న, పదకొండుమందిమి. పొద్దంత పండుకునుడు, చీకటయినంక కూరగాయలకు పోవుడు. మస్తు ఫ్రీగ ఉన్న.”

చివరికి అక్కడి సర్కారు కాయితాలు లేనివాళ్ళకు మాఫీ ఇస్తే, చేతిసంచితో విమానం ఎక్కాడట. మరి తమకు తెచ్చిన రగ్గు, అత్తరు సంగతేమిటని మల్లేశం అడిగాడు. రాజన్న నేల చూశాడు.

“గవి ఈడ్నే, జగిత్యాల టవర్ కాడి దుకాణంల కొన్న. నాలుగేండ్లుండి ఒట్టి చేతులతోని ఎట్ల రావాలె? మా ఇంటామెకు గూడ తెల్వది. ఆమె ముక్కుపోగు అడిగి తీసుకున్న, కుదువబెట్టి మల్ల ఇడిపిస్తనని. గదే అమ్మి కొన్న.” మల్లేశం వైపు తిరిగాడు. “నన్ను చూసి నువ్వు పోతవని ఎన్నడనుకోలే.”

మల్లేశం లేచాడు. గుమ్మం దాటి బయట రోడ్డు పక్కన నిలబడి ఫోను తీశాడు. లారీ అతనితో మాట్లాడుతున్నాడని కాసేపటికి తెలిసింది. రావద్దని మూడుసార్లు చెప్పాడు. అవతలివాడికి కోపం వచ్చినట్టుంది. మల్లేశం తిట్లన్నీ పడి, పెట్టేసి లోపలికి వచ్చాడు. ఏజెంటుకు ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు.

లావణ్య అన్నను ఒక్క మాటా అనలేదు. బయల్దేరేముందు మాత్రం, వదినకు చెప్పమని, ఇలాంటివి బయటివాళ్ళ నోట వింటే ఎక్కువ కష్టమని అంది. రాజన్న తలూపాడు. మేము సందు మలుపు తిరుగుతూ చూస్తే ఆయన షాపు తలుపు సగం మూసి, వెనక గదిలోకి పోతున్నాడు.

నాలుగింటికి జగిత్యాలలో వేములవాడ బస్సు పట్టుకున్నాము. అక్కడ మారి సిరిసిల్ల. ఈ దారిలో వెళ్ళబోయేవారికి నా అనుభవం ఇది. బస్సులు బాగానే దొరుకుతాయి. ఎండ ఎక్కువ, నీళ్ళు వెంట తీసుకెళ్ళాలి. ఇంగ్లీషు చదివినవాణ్ణి తీసుకెళ్ళినా తీసుకెళ్ళకపోయినా ఫరవాలేదు కానీ, ‘అట్ల కాకుంటె?’ అని అడిగేవాళ్ళు ఒకరు వెంట ఉండాలి. ఆ రోజు నేను చేసింది ఒక వాక్యం చదవడం. మిగతా పనంతా బీడీలు చుట్టే మనిషి, పంక్చర్లు వేసే మనిషి చేశారు.

దారిలో మల్లేశం, గల్ఫ్ ఆశ వదులుకోలేదని, కాకపోతే ఈసారి కంపెనీ వీసా వస్తేనే పోతానని అన్నాడు. అప్పటిదాకా సాంచెలు ఉంటాయన్నాడు. ఆ మాట అన్నాక కొంత తేలికపడి నిద్రపోయాడు. బయట వరి చేల మీద ఎండ తగ్గుతోంది.

“సార్,” అంది లావణ్య. “కంపెనీ అంటె అసలు అర్థమేంది?”

కలిసి రొట్టె తినేవాళ్ళని పాతకాలపు అర్థమని చెప్పాను.

ఆమె సంచి ఒళ్ళో సర్దుకుంది. “మంచిగనే ఉంది. రొట్టె ఎవలు పెడ్తరో కాయితంల ఉంటదా సార్?”