సున్నిపిండికి పోని నలుపు

ఆదివారం వచ్చిందంటే మా పెరట్లో యుద్ధమే. మా అత్త నా కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి మెడ వెనక సున్నిపిండి పట్టించి రుద్దేది. ఏడేళ్ళ పిల్ల వీధి చివరిదాకా వినిపించేలా అరిచేది. మెడ చుట్టూ తాడు కట్టినట్టు నల్లటి గీత పడింది. ఎంత రుద్దినా చర్మం కందిపోయేది గానీ నలుపు కదిలేది కాదు.

"ఏమ్మా, బిడ్డకు సరిగ్గా నీళ్ళు పోయవా నువ్వు? మెడంతా మట్టి పట్టిండాది" అనేది అత్త. నేను రోజూ పోసేదాన్నే. ముందు కోపం వచ్చేది, దాని వెనకే భయం వచ్చేది.

ఆ భయం పిల్ల పుట్టినప్పటిది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మైదుకూరులో మా కిరాణా అంగడి, దాని వెనకే ఇల్లు. ఏడో నెలలో నాకు షుగర్ ఉందన్నారు. ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యలేదు. వాళ్ళనేం అనను, అమ్మ పంపిన సున్నుండల డబ్బా ఖాళీ చేసింది నేనే. కడప ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీస్తే పిల్ల నాలుగు కిలోలు దాటింది. అత్త మురిసిపోయింది. గంట తిరక్కుండానే ఆ బొద్దుపిల్లకు ఒంట్లో చక్కెర పడిపోయి వణుకు పట్టింది. మూడు రోజులు గాజుపెట్టెలో ఉంచారు. పడుకోమంటే పడుకోలేదు, కడుపు మీద కుట్లు చేత్తో అదిమిపట్టుకుని ఆ గది బయటే తిరిగాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "కడుపులో ఉన్నప్పుడు మీ షుగరంతా బిడ్డకు చేరిందమ్మా. ఇప్పుడు తగ్గింది, కానీ మీకు మళ్ళీ రావచ్చు. పాపకూ పెరిగేకొద్దీ ఒళ్ళు రావడం, షుగర్ రావడం మిగతా పిల్లలకంటే ఎక్కువ. బరువు చూసుకోండి. ఇద్దరూ ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి."

కాన్పయితే షుగర్ తగ్గుతుందని నర్సు అన్న మాటొక్కటే అత్త చెవిన పడింది. "మాయతో పాటే పోయిందిలే" అని వీధంతా చెప్పుకొచ్చింది. మొదటి ఏడు పరీక్ష చేయించాను. రెండో ఏడు "ఆడపిల్లకు షుగరని నలుగురి నోట్లో పడితే ఎట్లమ్మా" అంది. మానేశాను. ఇప్పటికీ ఆ మానెయ్యడం తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మానేశాను గానీ కుదురుగా కూర్చోలేకపోయాను. పిల్ల నీళ్ళు ఎక్కువ తాగితే చూసేదాన్ని, రాత్రిళ్ళు ఎన్నిసార్లు ఒంటికి లేచిందో చూసేదాన్ని. అంగట్లోంచి అత్త దాని చేతిలో బెల్లంముక్క పెడితే లాక్కునేదాన్ని. "పసిబిడ్డ నోరు కట్టేస్తాండావే, నువ్వు తల్లివేనా?" అనేది. మా ఆయన ఎవరి పక్షమూ తీసుకోకుండా గల్లాపెట్టె దగ్గరికి పోయేవాడు. పిల్ల ఏడుస్తూ అవ్వ కొంగు పట్టుకునేది. ఇంట్లో రాక్షసిని నేనే.

ఒక ఆదివారం మెడ కమిలి రక్తం వచ్చింది. మర్నాడే ఎవరికీ చెప్పకుండా పిల్లను పరగడుపునే కడప బస్సెక్కించాను.

డాక్టరమ్మ మెడ చూసింది. "ఇది మట్టి కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యక, అవసరానికి మించి తయారవుతోంది. అందుకే ఈ నలుపు. రుద్దడం మానెయ్యండి" అంది. నా వల్లేనా అని అడిగాను. "తప్పు ఎవరిదో తర్వాత చూసుకుందురు, ముందు ఇద్దరూ రక్తం ఇవ్వండి" అని కసిరింది.

సాయంత్రానికి కాగితాలు వచ్చాయి. పిల్లకు ఇంకా షుగర్ రాలేదు, అంచున ఉంది. నాకు మాత్రం వచ్చేసింది, బాగా ఎక్కువగా. "హమ్మయ్య, నాకే కదా" అన్నాను.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "మీకొస్తే పాపకు తప్పుతుందనుకుంటున్నారా? అట్లా ఏం లేదు. తిండి మారాలి, ఆడించాలి. ఇంట్లో అందరూ మారితేనే ఆ పిల్ల మారుతుంది."

ఇంట్లో అందరూ అనే మాటకు దారంతా నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. బస్సులో పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది. ఎన్ని కాగితాలు చూపించినా అత్త వినదని నాకు తెలుసు. పిల్ల సంగతి ఎట్లా ఎత్తాలో తెలియక, ఇంటికి పోయి నా కాగితం ఒక్కటే ఆమె చేతిలో పెట్టాను.

అత్తకు చదువు రాదు. కొడుకు చేత చదివించుకుంది. కాగితం మడిచి లోపలికి పోయింది. తెల్లవారి నేను పొయ్యి దగ్గరుండగా, అంగట్లో కొడుకుతో అంటున్న మాటలు వినిపించాయి.

"ఇంక మిఠాయిలు ఇంట్లోకి తేవద్దప్పా. ఆ యమ్మ చూస్తా ఉంటే మనమెట్ల తింటాం? పండగకు ఓళిగలు గూడా వద్దు. అందరమూ ఆ యమ్మ తినేదే తిందాం. పాపకు గూడా అదే పెడ్దాం."

ఆరేళ్ళు అరిచి సాధించలేనిది ఒక్క రాత్రిలో జరిగింది. పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చాను. నాకు జబ్బు వచ్చినందుకు అంత సంతోషం వేసింది.