హెప్సిబాకు నేను చదివిన రంగులు

నా పేరు మైమూన్. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందర గదిలోనే నా కుట్టుమిషన్, అదే నా అంగడి. నేను చదివింది పదో తరగతి. పాసైనావా అని ఎవరన్నా అడిగితే నాకు కోపమొస్తాది, పాసయింటే గూడా. ఆ పదో తరగతి చదువుతోనే నేను పోయి డిగ్రీ పరీక్షలో కూర్చున్యా అంటే ఎవ్వరూ నమ్మరు. నమ్మకపోతే పోండి, నేను చెప్పేది చెప్తా.

మా మేడ మీద గదిలో హెప్సిబా అని ఒక పాప బాడుగకు ఉండ్య. ఊరు జమ్మలమడుగు. పుట్టినప్పటి నుంచీ చూపు ల్యా. వాళ్ళమ్మ సుందరి ఆ ఊరి ఆస్పత్రిలో ఆయా పని చేస్తాది. మొగుడు చచ్చిపోయినా, చుట్టాలు వద్దన్నా, బిడ్డను చిన్నప్పుడే దూరంగా అంధుల బడిలో వేసి చదివించింది. సుందరికి నోరు తక్కువ, మొండితనం ఎక్కువ. బిడ్డకు ఆ మొండితనమూ వచ్చింది, మీద నోరు గూడా వచ్చింది. మా మెట్లు నాకన్నా బిరీన దిగుతాది. దిగేటప్పుడు ఎవరన్నా చెయ్యి పట్టుకోబోతే, "మీరు పడిపోతాండారా? అయితే పట్టుకోండి" అంటాది.

డిగ్రీలో కంప్యూటర్లు తీసుకునింది. ఆమె ల్యాప్‌టాప్ మాట్లాడుతాది. ఎంత గబగబా అంటే, మా ఆడబిడ్డలు కొట్లాడుకునేటప్పుడు గూడా అంత గబగబా మాట్లాడరు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఆమెకు అంతా అర్థమయ్యేది. పైథాన్ అని ఒకటి ఉంది, దాంట్లో వరస మొదట్లో ఇడిచిపెట్టే ఖాళీకి గూడా అర్థముంటాదంట. లోపలికి జరిపి రాసిన వరస పైవరసకు లోబడినట్టు. చూపుండే వాళ్ళు చూసి తెలుసుకుంటారు. ఈమెకు ల్యాప్‌టాప్ కుయ్‌మని కూసి చెప్తాది, లోపలికి పోయేకొద్దీ కూత సన్నమైతాది. అన్ని పరీక్షలూ పాసైపాయ, ఆ పైథాన్ ప్రాక్టికల్ ఒక్కటి తప్పింది.

ఎందుకు తప్పిందో చెప్తే మీకూ మండుతాది. పరీక్షలో సొంత ల్యాప్‌టాప్ పెట్టుకోకూడదంట. కాలేజీ కంప్యూటర్ తెరమీద పైథాన్ రాసే కిటికీ ఈమెకు ఏమీ పలకదు, మూగది. అందుకని ఈమె చెప్తే టైపు కొట్టే మనిషిని ఇస్తారు. ఆ మనిషికి ఆ చదువు రాకూడదు, వస్తే తానే రాసేస్తాడని భయం. మొదటిసారి ఇచ్చినామె ఎవరో గానీ, వరసలన్నీ ఎడమ అంచుకు తెచ్చి నీటుగా సర్దేసింది. హెప్సిబా చెప్పిన ఖాళీలన్నీ గాలికి పాయ, ప్రోగ్రామ్ ఆడలా.

ఇంతలో పులివెందుల నుంచి మాట వచ్చింది. ఆ ఊర్లో చూపులేని పిల్లలకు ఒక బడి ఉంది. మాట్లాడే కంప్యూటర్ నేర్పే టీచర్ కావాలంట. "మీరైతే మాకు శానా సంతోషం. బడి తెరిచేలోపల డిగ్రీ చేతిలో ఉండాల, లేకుంటే వేరేవాళ్ళను తీసుకుంటాం" అన్యారు. ఆ దినం హెప్సిబా మెట్ల మీద కూర్చొని, "అక్కా, నన్ను ఎవరూ జాలిపడి పిలవలా, కావాలని పిలిచినారు" అనింది. అని నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. మళ్ళీ పరీక్ష తప్పితే ఆ బడి పోతాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఈసారి టైపు కొట్టేదానికి నేను వస్తా" అంటి.

"నీకు ఇంగ్లీషు వచ్చునా అక్కా?"

"అక్షరాలు వచ్చు. ఖాళీ ఇడిచేది నీకన్నా బాగా వచ్చు. కుట్టు మడత ఎంత ఇడవాలో రోజూ చూసే దాన్ని."

మధ్యాహ్నం గిరాకీ లేని పూట మేడ మీదికి పోయి నేర్చుకునేదాన్ని. కాలేజీలో ఉండే కిటికీనే ఆమె తన ల్యాప్‌టాప్‌లో తెరిపించుకునింది. ఆమె చెప్పేది, నేను కొట్టేది. తర్వాత ఒక్కో అక్షరం చదివి వినిపించాల. ప్రాణం పోయేది. ఆ చుక్కలు, కొంకులు, బ్రాకెట్లు చదవలేక ఒక దినం విసుగొచ్చి, "ఏందో పాపా, ఈ వరస ఇందాక రోంతే ఆకుపచ్చగా ఉండ్య, ఇప్పుడు కొసదాకా ఆకుపచ్చయిపాయ" అంటి.

హెప్సిబా తల ఇట్ల ఎత్తింది. "ఏందక్కా? మళ్ళీ చెప్పు."

చెప్పినా. ఈ మాట నారింజ, ఇది ఊదా, కోట్ అని మాటకు ముందూ వెనకా పెట్టే కొంకుల మధ్యలో ఉండేది ఆకుపచ్చ, పైన వేరే కిటికీలో వచ్చిన జవాబు నీలం, తప్పయితే ఎర్ర. ఆమెకు పుస్తకంలో రంగుల సంగతి తెలుసంట గానీ, అది అలంకారం అనుకునిందంట, గోడకు సున్నం వేసినట్టు. కొసదాకా ఆకుపచ్చ అయిందంటే రెండో కోట్ పడలేదని అర్థం. కోట్ వేయమనింది, వేసినా, ఆకుపచ్చ సగానికి ఆగిపాయ. అంతసేపూ అక్షరం అక్షరం చదివించుకుని వెతికినా దొరకనిది.

ఆమె ముఖం ఎర్రగయిపాయ. "ఇన్ని దినాలు వీళ్ళకు ఇది ఊరికే కనపడ్తాండిందా? నా పక్కన కూర్చొని ఒక్కరూ చెప్పలేదే!" అనింది. ఏడుస్తాదేమో అనుకున్యా. ఏడవలా. "అక్కా, ఇంక అక్షరాలు నేను అడిగినప్పుడే. ముందు రంగులు చదువు" అనింది. ఆ పొద్దు నుంచి మా పని పరుగెత్తింది. దారం డబ్బాలు సర్దేదాన్ని, రంగులు నాకొక లెక్కా!

ఒకటి చెప్పాల. నేను ఆమెకు ఎన్ని జతలు కుట్టినానో, ఎప్పుడు రంగు అడిగినా, "ఏదో ఒకటి కుట్టక్కా, నాకెందుకు" అనేది. బట్ట మెత్తగా ఉందా లేదా, అంతే ఆమెకు కావాల్సింది.

పరీక్షనాడు బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టేదానికి జనార్దనం సార్ వచ్చినాడు. చెడ్డమనిషేం కాదు, రూలు మనిషి. నన్ను కిందికీ మీదికీ చూసి, "ఆమె చెప్పింది కొట్టాల, తెర మీద ఉండేది చదవాల. అంతకుమించి ఒక్క మాట మాట్లాడితే లేపేస్తా" అన్యాడు. సరే సార్ అంటి. నా నోటి సంగతి నాకు తెలుసు కాబట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్యా.

చీనీకాయల బరువులు తీసుకొని మొత్తం చెప్పే ప్రోగ్రామ్ అడిగినారు. హెప్సిబా వరుసగా చెప్తాంది, నేను కొడ్తాండా. ఖాళీలు ఇడిచిన చోటల్లా "లోపలికి" అని మెల్లగా చదువుతాండా. ఆఖరి వరస కాడ ఆమె గొంతు రోంత వణికింది. కోట్ మొదలుపెట్టమనింది, మాట చెప్పింది, మూసేది చెప్పకుండానే బ్రాకెట్ చెప్పింది. నాకు తెలుసు. వేలు ఆ మీట మీదికి పోయింది గూడా. చెప్పనిది కొట్టకూడదు కదా, యా అల్లా అని వేలు వెనక్కి తీసుకున్యా.

"రంగులు చదువక్కా" అనింది.

"నారింజ... ఊదా... ఆకుపచ్చ. ఆకుపచ్చ కొసదాకా..."

"ఆపు!" అన్యాడు సార్. "ఏందది? సైగ చేస్తాండావా? తెర మీద రాసింది చదవమన్యా గానీ రంగులు చెప్పమన్యానా? తప్పు యాడుందో చూపించేది కాదా అది?"

నా ఒళ్ళు మండిపాయ. కొంగు తీసేసినా. "సార్, కండ్లుండే పిల్లోల్లకు రంగు చూపిస్తే చదువు, ఈ పాపకు చెప్తే కాపీనా?" అంటి. లేబులో అందరూ ఇటు తిరిగినారు. సార్ ముఖం గంటు పెట్టుకున్యాడు. "లెయ్యి. బయటికి పో" అన్యాడు. నా నోటివల్ల ఈ పిల్ల బడి పోతాందే అనుకుంటా లేచినా.

హెప్సిబా నా మోచెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది. గొంతు ఇప్పుడు వణకలా.

"సార్, మీరు చెప్పింది న్యాయమే. రంగు సాయమే. అందుకని అందరికీ తీసేయండి. అందరం నలుపులోనే రాస్తాం, నాకేం అభ్యంతరం లేదు."

అంతే, వెనకనుంచి పిల్లోల్లు ఒక్కసారిగా, "వద్దు సార్! మాకు తప్పులు దొరకవు సార్!" అని అరిచినారు. సార్ వాళ్ళ వైపు చూసినాడు. మా పక్క వరసలో ఒక పిల్ల, తన తెరమీద కొసదాకా పోయిన ఆకుపచ్చను చూసుకొని అప్పుడే కోట్ వేసుకుంటాంది. సార్ దాన్ని గూడా చూసినాడు. ఆనక నా వెనకాల కుర్చీ తెచ్చి వేసుకొని కూర్చున్యాడు.

"చదువమ్మా" అన్యాడు.

"ఆకుపచ్చ కొసదాకా పోయింది పాపా."

హెప్సిబా ఎడమచేత్తో తల కొట్టుకొని నవ్వింది. "బ్రాకెట్‌కు ముందర కోట్" అనింది. వేసినా. ఆకుపచ్చ ఆగింది. ఆడించమనింది. కొత్త కిటికీ వచ్చింది. బరువులు కొట్టినా.

"ఏం రంగు?"

"నీలం."

"ఎర్ర రోంతన్నా ఉందా? బాగా చూడక్కా."

"యాడా ల్యా పాపా. జవాబంతా నీలమే."

ఆమె ఊపిరి వదిలింది. నా వెనకాల సార్ గూడా వదిలినాడు, నాకు ఇనపడింది.

పాసయిందని ఫలితం వచ్చిననాడు సుందరి జమ్మలమడుగు నుంచి వచ్చి మా ఇంట్లో నిలబడి ఏడ్చింది. పులివెందుల బడి తెరిచే ముందు హెప్సిబా మెట్లు దిగి నా మిషన్ కాడికి వచ్చింది.

"అక్కా, మొదటి దినానికి ఒక జత కుట్టాల."

"మెత్తటి బట్ట ఒకటి ఉంది, కుట్టి ఇస్తాలే."

"నీలం కావాల."

మిషన్ తొక్కేది ఆపేసినా. "ఏ నీలం? ఆకాశమా, నెమిలికంఠమా, ఇంకు నీలమా?"

"అవన్నీ నాకేం తెలుసు? ఆ దినం జవాబు వచ్చిన నీలం."

నాకు ఏడుపు ఆగలా. అప్పుడే మేడ మీదికి పోయి, ల్యాప్‌టాప్ తెరిపించి, తెర మీది ఆ నీలాన్ని ఫోన్లో ఫొటో తీసుకొని ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళన్నీ తిరిగినా. ఇది కాదు, ఇది కాదు అని తాన్ల మీద తాన్లు దించిస్తాంటే అంగడి ఖాదర్‌కు విసుగొచ్చింది.

"ఏం రంగు కావాల్నో పేరు చెప్పక్కా, ఈ ఫొటో ఏంది?" అన్యాడు.

"దీనికి పేరు ల్యాప్పా," అంటి, "మా హెప్సిబా అడిగిన మొదటి రంగు ఇది. దొరికేదాకా దించు."