సగం కత్తిరించిన తల

చేతులకు పని ఇచ్చేవాడు, అవి వణికే వేళ పట్టుకునేవాడు మన ప్రభువు. ఆయనకే స్తోత్రం.

పటాన్‌చెరులో మంగలివాళ్లెవరూ మా క్రైస్తవ వాడవాళ్ల తల ముట్టని రోజులవి. ఒక్క ముసలి మంగలి మాత్రం ప్రతి శనివారం మా చర్చి ముందు గోనెపట్టా పరిచేవాడు. కత్తెర తీసే ముందు అరచెయ్యి మా నడినెత్తిన ఉంచేవాడు. మమ్మల్ని ముట్టుకున్నందుకు కులంవాళ్లు ఆయనను వెలివేశారట. ఆ మాట మాతో ఎన్నడూ ఎత్తలేదు.

నా పెళ్లికి ముందురోజు శనివారం, నా జుట్టు సగం కత్తిరించి ఆగిపోయాడు.

"ఏమైంది తాతా?"

"కండ్లు కనవడ్తలేవు బిడ్డా. ఎంటికలల్ల మెట్లు మెట్లు వడ్తున్నయ్. రేపు నిన్ను జూసి అందరు నవ్వుతరు."

"నవ్వనీ తాతా. నువ్వే చెయ్యి."

"నోరు మూసుకొని లే!"

అప్పటికే కొత్త ఫ్యాక్టరీల కార్మికుల కోసం రోడ్డు మీద సెలూన్ ఒకటి వెలిసింది. తాత నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లాడు. సెలూన్ యువకుడు నన్ను చూసి, "ఏ వాడ?" అన్నాడు.

"నా మనుమడు," అన్నాడు తాత. "కుర్సీల కూసోవెట్టు."

యువకుడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి కుర్చీ దులిపాడు. పని అయ్యేదాకా తాత గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత తన కత్తెర అతని చేతిలో పెట్టాడు.

"ఇగ మావోళ్లంత నీ కాడికే వస్తరు. ఎవ్వల్ని ఎళ్లగొట్టకు."

ఆ శనివారం తర్వాత ఆయన చర్చి ముందుకు రాలేదు.

చూపు పోయి, పని విడిచి ఇంట్లో కూర్చున్న ప్రతి వృద్ధునికీ ప్రభువు తోడుండాలని నాతో కలిసి ప్రార్థించండి.