మూడో సిలిండరు లైనరు

నంద్యాలలో పాత కారు కొన్నవాడు ముందు దేవసహాయం షెడ్డుకు పోవాలి, గుడికైనా చర్చికైనా ఆ తర్వాతే. అది ఏ ఇంజనో తేలందే ఆయన పానా ముట్టడు. ఇంజనుకు బిగించిన రేకు మీది నంబరును నమ్మేవాడు కాదు. గ్రీజు గీకి బ్లాకు మీద చెక్కిన నంబరు చూసేవాడు. హెడ్డు విప్పి సిలిండర్ల లోపలి వెడల్పు, అంటే బోర్లు, కొలిచి, "ఇది రెండుసార్లు బోరు కొట్టిందప్పా, ఇంగ గోడ తట్టుకోదు" అని మొహమాటం లేకుండా చెప్పేవాడు. జనం దాన్ని పనిమంతుడి జాగ్రత్త అనుకున్నారు. అమాయకత్వంలో మా ఊరికి ఏ ఊరూ సాటిరాదు.

అసలు సంగతి వేరు. ఆయన తమ్ముడు సంజీవయ్య 1974లో బాడుగకు అంబాసిడరు తోలుకుని గిద్దలూరు ఘాటు ఎక్కాడు. మళ్లీ మనిషీ రాలేదు, కారూ రాలేదు. ఆ ఇంజను దేవసహాయం తన చేతులతో చేసింది. మూడో సిలిండరు గీతలు పడి పాడైతే దానికొక్కదానికే లోపల లైనరు అనే ఇనప గొట్టం దించి, పక్కన బ్లాకు అంచున పంచి మొన పెట్టి సుత్తితో మూడు చుక్కలు కొట్టాడు. షెడ్డుకొచ్చిన ప్రతి ఇంజనులోనూ ఆయన వెతికింది ఆ చుక్కలనే. ఒకసారి చాగలమర్రిలో భోంచేస్తూ రోడ్డు మీద ఏదో కారు చప్పుడు ఆ ఇంజనుదే అనిపించి, ఎంగిలి చేత్తోనే దాని వెనక పరుగెత్తాడు.

తమ్ముడు కనబడకుండా పోయేనాటికి మరదలు మరియమ్మ నిండు చూలాలు. తర్వాత హాస్టల్లో వంటకు కుదిరి బిడ్డను పెంచుకుంది. ఆమెను విధవ అన్నవాడి పళ్లు రాలగొడతానని దేవసహాయం చర్చి వాకిట్లోనే అన్నాడు. ఏటా క్రిస్మస్‌కు రంగు చీర తెచ్చిచ్చేవాడు. ఆమె కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చునేది. సంజీవయ్య క్షేమంగా తిరిగి రావాలని పాస్టరు ప్రార్థన చేస్తే అందరూ ఆమేన్ అనేవాళ్లు. అన్న పట్టుదలను మెచ్చుకున్నవాళ్లే అందరూ. చీర కట్టుకున్న మనిషి ముఖం ఒక్కరూ చూడలేదు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

1983 ఎండాకాలంలో ఆళ్లగడ్డ బట్టల వ్యాపారి రంగయ్య శెట్టి, బళ్లారిలో కొన్న పాత అంబాసిడరు తోలుకొచ్చాడు. నేను స్కూటరు క్లచ్చు తీగ కోసం ఆ వేళ షెడ్డులోనే ఉన్నాను.

"బట్టల మూటలేస్తే ఘాటు ఎక్కలేక మూలుగుతాంది. బోరు పెద్దది చేసి, ఎట్టయినా లాగే మాదిరి చెయ్ దేవసహాయం," అన్నాడు శెట్టి.

"ముందు ఏ ఇంజనో చూడనీ శెట్టన్నా."

రేకు మీద నంబరుంది. బ్లాకు మీద నంబరు ఉండాల్సిన చోట మాత్రం ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయి. హెడ్డు లేపి మసి తుడిచాడు. మూడో బోరు చుట్టూ లైనరు అంచు సన్నగా కనిపించింది, పక్కన మూడు చుక్కలు. ఆయన ఆ చుక్కల్ని గుడ్డతో తుడుస్తూనే ఉండిపోయాడు.

"ఏందప్పా, బోరు పడ్తాదా పడదా?"

"పడ్తాది. ఈ లైనరు పీకెయ్యాల."

"పీకెయ్, దాందేముంది."

"ఇది మా తమ్మునిది శెట్టన్నా. బండి పోయినా వాడు యాడో ఉన్నాడనుకుంటి. నంబరు అరగదీసినోళ్లు తోలేవాన్ని ఇడ్సిపెడ్తారా?"

నేను హాస్టలుకు పోయి మరియమ్మను పిలుచుకొచ్చాను. దేవసహాయం ఆమెకు ఆ చుక్కలు చూపించాడు. ఆమె మూడో బోరు అంచును వేలితో మెల్లగా తడిమింది.

"దీన్ని శెట్టన్న కాడ నేను కొనుక్కుంటా మరియమ్మా. షెడ్లోనే పెట్టుకుందాం," అన్నాడాయన.

"వద్దు బావా. బోరు కొట్టి ఇచ్చెయ్."

"కొడితే వాని గుర్తు పోతాది."

"గుర్తు నీకు కావాల, నాకొద్దు. ఆయప్ప లేడని నాకు మొదటి యేడే తెల్సు. బతికుంటే బిడ్డను చూసేదానికి రాకుండా ఉంటాడా?"

"తెల్సీ ఒక్క మాట చెప్పకపోతివే."

"నువ్వు వెతుకుతాంటివి గదా. నేను ఏడిస్తే మీ తమ్మున్ని నేనే సంపినట్టు చూస్తావని చీర కట్టుకుంటి, ఆమేన్ అంటి."

దేవసహాయం ఆమె కట్టుకున్న పచ్చ చీర వైపు చూశాడు. అది కిందటి క్రిస్మస్‌కు తాను తెచ్చిచ్చిందే. ఆమె చేతికంటిన మసిని ఆ కొంగుకే తుడుచుకుని, ఇంట్లో పెద్దవాణ్ని అడిగినట్టే అడిగింది.

"ఇంగ నేను ఏడ్వొచ్చునా బావా?"

ఆమె జవాబు కోసం నిలబడే ఉంది.