మా బావ ద్రాక్షతోటకి దారి

మా బావ తోట పాడైపోవడం కళ్ళారా చూసి రావాలని ఈ మార్చిలో కాకినాడ నుంచి బయల్దేరాను. మా అమ్మ మాత్రం, కొడుక్కి ఇన్నాళ్ళకి బంధుప్రీతి పుట్టిందనుకుని దారిలో తినమని పులిహోర కట్టి ఇచ్చింది. నిజం చెప్పి పులిహోర పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

బెంజి బావ మా మేనమామ కొడుకు. నాకన్నా ఆరు నెలలు పెద్ద. ఇద్దరం ఒకే కాలేజీలో చదివాం. నేను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతున్నాను. వాడు మధ్యలో మానేసి, హైదరాబాదు దగ్గర ఎవరిదో ద్రాక్షతోటలో కూలికి చేరి, నల్లద్రాక్ష కొమ్మలు తడిగోనెలో చుట్టుకుని వచ్చేశాడు. రాజోలు దగ్గర వశిష్ఠ గోదావరి మధ్యనున్న లంకలో, మామయ్య వేసిన అరటి పీకించి వాటిని పాతాడు. అప్పటినుంచి మా ఇంట్లో నా పేరు 'బెంజిని చూసి నేర్చుకోరా'.

ఉదయం ఆరున్నర బస్సుకి యానాం చేరాను. ఎనభయ్యో దశకంలోకి వచ్చినా అక్కడ వంతెన లేదు, గోదావరి దాటాలంటే బల్లకట్టులాంటి పంటే గతి. బస్సు దిగి, పంటెక్కి, అవతల ఎదుర్లంకలో అమలాపురం బస్సు పట్టుకోవాలి. టిక్కెట్టు ధర రాయడం లేదు. మీరు వెళ్ళేలోగా ఎలాగూ పెంచుతారు.

పంటు మీద నా పక్కన ఓ కొబ్బరి వ్యాపారి నిలబడ్డాడు. భుజాన కండువా, చేతిలో గొడుగు. "ఎంతవరకండీ?" అన్నాడు. చెప్పాను.

"ఓహో! ఆ ద్రాక్ష అబ్బాయిగారి చుట్టమాండీ తమరు?"

ఏటి మధ్యలో కూడా వాడే.

"లంకలో ద్రాక్షేంటండీ, చోద్యం కాకపోతే! ఈ చెమ్మకి బూజు పట్టి పోద్ది. రాసిపెట్టుకోండి" అన్నాడాయన. ఆ మనిషి మీద నాకు ఎంత ఆపేక్ష కలిగిందంటే, పులిహోరలో సగం ఆయనకే పెట్టేశాను.

అమలాపురంలో పెసరట్టు తిని రాజోలు బస్సెక్కాను. కోళ్ళగంప ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడకీ, టిక్కెట్లు కొట్టే కండక్టరుకీ కూడా మా బావ తెలుసు. గంపలో కోళ్ళని మాత్రం అడగలేదు. ఒంటిగంటకి రేవులో దిగి పడవెక్కాను. నేను నోరు తెరవకముందే పడవవాడు "ద్రాక్షకేగా అండీ" అన్నాడు. మీరు వెళ్తే మీకు కూడా దారి అడిగే పని ఉండదు.

లంక ఒడ్డున నన్ను మొదట పలకరించింది అరటి పిలకల కుప్ప. పక్కనే మామయ్య గడ్డపార ఆనించుకుని కూర్చున్నాడు. సంగతేమిటంటే, పోయినేడు మొదటి కాపుతో బావ ఒక జాడీడు రసం తీశాడు. చర్చి అవసరానికని ప్రభుత్వ అనుమతి తెచ్చుకుని మరీ చేశాడు. చర్చి అయ్యగారికి అది నచ్చింది. ఈ ఏడు కాయ కూడా అంత తియ్యగా వస్తే ఏడాది పొడుగునా ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచడానికి బావ రసమే తీసుకుంటామన్నారు. ఆ సాయంత్రమే సంఘ పెద్దలతో కాయ రుచి చూడడానికి వస్తున్నారు. బాగా లేకపోతే తీగలు పీకి అరటి వేసేస్తానని మామయ్య షరతు.

"పిలకలు ముందే తెప్పించేశారేం మామయ్యా?" అన్నాను.

"నమ్మకం వేరు, వ్యవసాయం వేరు అల్లుడూ" అన్నాడు.

భోజనం అయ్యాక బావ నన్ను తోటలోకి తీసుకెళ్ళాడు. సరుగుడు గుంజల మీద పందిరి. పందిరి కింద నల్లటి గుత్తులు, దోసిట్లో పట్టనంత. ఒక్క దానికైనా బూజుందేమోనని ఒంగి ఒంగి చూశాను. వాడు నా శ్రద్ధకి సంతోషించాడు.

"బస్తా ఎరువులు ఒక్క గింజ వెయ్యలేదు బావా. ఏటా వరదొచ్చి గోదారే ఒండ్రు తోలిపోద్ది. పేడ, చేపల చెత్త, వేపపిండి. బూజుకి పుల్లమజ్జిగ కొడతాను."

"మజ్జిగపులుసన్నమాట" అన్నాను.

వాడు నవ్వాడు. పక్కవాడు ఏడిపించినా నవ్వేవాడిని చూసి ఏడవడం ఎంత కష్టమో అనుభవిస్తే గాని తెలీదు.

రసం చేసే గది పాకలో ఉంది. కాయల్ని తొక్కలతో సహా నలిపి, జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి, రోజూ తెడ్డుతో కలుపుతాడట. తొక్కలోంచే ఆ ఎరుపు దిగుతుందట. మొట్టమొదటిసారి అత్తయ్య ఆవకాయ జాడీ వాడితే రసమంతా ఆవఘాటు కొట్టిందట. ఇన్నాళ్ళకి వాడి గురించి ఒక మంచి మాట విన్నాను. పోయినేటి రసం గ్లాసులో పోసి ఇవ్వబోతే తలనొప్పి అన్నాను. బాగుంటుందేమోనని నా భయం.

నాలుగింటికి బావ అయ్యగారిని తీసుకురావడానికి పడవెక్కుతూ, "కాస్త తోట చూస్తూ ఉండు. కోత ముందని నీళ్ళు ఆపేశాను. ఇప్పుడు తడి తగిలితే కాయ ఉబ్బి పగిలిపోద్ది, తీపి చచ్చిపోద్ది. ఎవర్నీ నీళ్ళు పొయ్యనీకు" అన్నాడు.

పడవ అవతలి ఒడ్డు చేరిందో లేదో, అత్తయ్య బిందె చంకనెత్తుకుని వచ్చింది. వెనకాల ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురు, మూడు బిందెలు. కోనసీమలో మనిషి పస్తుంటే చూసి ఓర్చుకోగలరేమో గాని, మొక్క ఎండితే ఓర్చుకోలేరు.

"అయ్యగారు వచ్చేవేళకి ఆకులు అలా వేలాడేసుకుని ఉంటే ఏం బాగుంటదిరా ప్రసాదూ! పచ్చని చెట్టుకి దాహమేస్తుంటే నాకు ముద్ద దిగట్లేదు. నాలుగు బిందెలు పోసేస్తే కళకళలాడిపోద్ది. వాడికి చెప్పకు."

నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరికే నిలబడితే చాలు. చిన్నప్పటినుంచీ ఊరికే నిలబడడంలో నాకు మంచి పేరుంది. నాలుగు బిందెలూ పడతాయి, కాయలు పగులుతాయి, పిలకలు పాతుతారు, అమ్మ నన్ను ఇంకెవరితోనైనా పోల్చుకుంటుంది.

కాని ఇంకో ఆలోచన వచ్చింది. తోట నీళ్ళ వల్ల పోతే అందరూ ఏమంటారు? 'పాపం, తల్లి ప్రేమ కొంప ముంచింది గాని, లేకపోతే అమృతమే పండేది' అంటారు. వాడు ఓడిపోయి కూడా గొప్పవాడైపోతాడు. ఇంకో ఇరవై ఏళ్ళు మా అమ్మ ఆ పండని అమృతం గురించి చెబుతుంది. వద్దు. వాడు ఓడితే వాడి చేతులతోనే, మచ్చ లేకుండా ఓడాలి.

అత్తయ్యకి అడ్డం వెళ్ళాను. "వద్దత్తయ్యా, కాయ పగిలిపోద్దంట."

"వాడికేం తెలుసురా! తప్పుకో."

బిందె వంగుతోంది. ఇంకేమీ తోచక చొక్కాతోనే నేల మీద కూలబడి, "అత్తయ్యా, తల తిరిగిపోతోంది, వడదెబ్బలా ఉంది" అన్నాను. అంతే! నలుగురూ నన్ను రెక్కలు పట్టుకుని ఇంటి ముందున్న కొబ్బరిచెట్టు కిందకి లాక్కెళ్ళి, నాలుగు బిందెలూ నా నెత్తినే కుమ్మరించేరు. దాహంతో ఉన్నది మొక్కా, మేనల్లుడా అన్నది వాళ్ళకి ముఖ్యం కాదు. ఎవరో ఒకరికి పోస్తే చాలు.

సరిగ్గా అప్పుడు అయ్యగారు పడవ దిగారు. నన్ను ఎగాదిగా చూసి, "ఏమయ్యా, నీకు బాప్తిస్మం నేనే ఇచ్చాను కదూ? మళ్ళీ దేనికి?" అన్నారు.

పందిరి కింద ఆయన ఒక కాయ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో పులుపో తెలియలేదు. బావ గుంజని పట్టుకుని నిలబడ్డాడు. మామయ్య గడ్డపార మీద చెయ్యి తియ్యలేదు. నేను నీళ్ళు కారుతూ పులుపు కోసం ఎదురుచూస్తున్నాను. అయ్యగారు కళ్ళు తెరిచి రెండో కాయ తీసుకున్నారు. తర్వాత మూడోది. పెద్దలు గింజలు ఉమ్ముకుంటూ ఇంకో గుత్తి కోసేరు.

"ఏడాదంతా మీదే అబ్బాయ్" అన్నారాయన.

మామయ్య పిలకలు రెండేసి చొప్పున మోసుకెళ్ళి పెరట్లో గట్టు వెంబడి పాతడం మొదలెట్టాడు. అత్తయ్య జరిగింది చెప్పేసింది. బావ వచ్చి, తడిచొక్కాతో ఉన్న నన్ను అలాగే కావిలించుకుని, "నువ్వే లేకపోతే ఏమైపోయేదిరా బావా" అన్నాడు. ఆ మాట మా అమ్మ చెవిన కూడా పడేలా ఉత్తరం రాస్తానన్నాడు. నన్ను ఇంతకన్నా ఘోరంగా ఓడించడం ఎవరి తరమూ కాదు.

మర్నాడు ఉదయం తిరుగుదారి పట్టాను. అమ్మకని సీసాడు ఎర్రరసం ఇచ్చారు. దాన్ని బస్సులో గొయ్యి వచ్చినప్పుడల్లా పైకెత్తి పట్టుకుంటూ అమలాపురం దాటించాను. ఎదుర్లంకలో పంటెక్కితే మళ్ళీ ఆ కొబ్బరి వ్యాపారే.

"చెప్పాను కదండీ. పులిసిపోయిందా?"

"లేదండీ."

"పోనీ, వగరుగా ఉండి ఉంటది."

ఒళ్ళు మండింది. నిన్న పులిహోర పెట్టిన మనిషి మీద అంత కోపం ఎందుకొచ్చిందో తెలీదు. సీసా మూత తీసి అందులోనే పోసి ఇచ్చాను. ఆయన చప్పరించాడు. మూత నా చేతికిచ్చి ఏటివైపు తిరిగాడు. మూత అడుగున మిగిలిన చుక్క నేను నాలిక మీద వేసుకున్నాను. నేను భయపడ్డంత బాగానూ ఉంది.

యానాం ఒడ్డు దగ్గర పడుతుండగా ఆయన గొడుగు చంక మార్చుకుని, గొంతు తగ్గించి, "మాకూ లంకలో రెండెకరాలుందండీ. అడిగితే మీ బావగారు ఓ పది కొమ్మలిస్తారంటారా?" అన్నాడు.

బావ అయితే పది అడిగితే ఇరవై కట్టి, పడవ దాకా మోసి మరీ ఇస్తాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

సీసా ఒళ్ళోకి లాక్కుని, "ఇవ్వడండీ" అన్నాను.