సోదా పెద్దమ్మ పట్టుకున్న హంతకురాలు

మా పెద్దమ్మ బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర పనిచేసేది. షిఫ్టు దిగి ఇంటికెళ్ళే ఆడవాళ్ళని వరసలో నిలబెట్టి, సంచులూ నడుములూ తడిమి పంపడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో అందరం సోదా పెద్దమ్మ అనేవాళ్ళం. ఆ పేరుకి ఆవిడ కోప్పడకపోగా గర్వపడేది. "మొహాలు చూడక్కర్లేదే. దేన్నైనా దాచుకున్న మనిషి నడిచేటప్పుడు ఆ పక్క చెయ్యి ఊపదు" అని నాకు పాఠాలు చెప్పేది.

ఆవిడ రిటైరైన వారం, సరదాగా ఉంటుందని నేనే ఆ హత్య విందుకి తీసుకెళ్ళాను. అదొక నాటకం. మనం భోంచేస్తుండగా మధ్యలో ఒకణ్ణి చంపుతారు. నటులు మామూలు మనుషుల్లా మన మధ్యే తిరుగుతుంటారు. చంపిందెవరో భోజనం ముగిసేలోపు మనమే కనిపెట్టాలి. అన్నం దగ్గర ఈ చావు గోల ఏమిటని పెద్దమ్మ విసుక్కుంది గానీ, నాకన్నా ముందే తయారై గుమ్మంలో నిలబడింది.

మా బల్ల వంటగది తలుపు పక్కనే పడింది. పళ్ళేల్లో మిగిలినవి పనివాళ్ళు తీసుకుంటే ఉద్యోగం ఊడుతుందని ఆ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అతిథులకి కనబడేలా రాసుకోవడమేమిటో అని ఒళ్ళు మండింది. తర్వాత సూప్ వచ్చింది, మర్చిపోయాను.

కోడి వేపుడు సగంలో ఉండగా దీపాలు ఆరాయి. వెలిగేసరికి మూల బల్ల దగ్గర ఒక పెద్దమనిషి పళ్ళెంలో తల పెట్టి పడున్నాడు. డిటెక్టివ్ వేషగాడు వచ్చి, గదిలో ఎవరినైనా అనుమానించవచ్చు, ఎవరినైనా ఆపి అడగవచ్చు అన్నాడు. అందరూ నవ్వుకుంటూ ఒకరినొకరు నిలదీసుకోసాగారు. పెద్దమ్మ మాత్రం చెంచా కింద పెట్టి డ్యూటీ ఎక్కేసింది.

ఆవిడ చూపు ఎంగిలి పళ్ళేలు తీస్తున్న అమ్మాయి మీద ఆగింది. ఆ అమ్మాయి కుడిచెయ్యి ఒంటికి అంటించుకుని నడుస్తోంది. ఈ పిల్ల కూడా నాటకంలో మనిషేనా అని పెద్దమ్మ అడిగింది. అయ్యుండొచ్చు అన్నాను, నిజంగానే నాకు తెలియక.

నేను చెయ్యి పట్టుకుని ఆపేలోపే ఆవిడ లేచి వెళ్ళింది. ఏళ్ళ తరబడి అలవాటైన చేతులు. ఒక్క తడుముకి ఏప్రన్ లోపల్నుంచి కాగితం రుమాలు మూట బయటపడింది. అందరికీ కనబడేలా పైకెత్తి మరీ విప్పింది. అందులో రెండు కోడి ముక్కలూ, కొరకని రొట్టె సగమూ ఉన్నాయి.

వంటగది తలుపులో మేనేజరు నిలబడి చూస్తున్నాడు. ఆ అమ్మాయి అతని వైపొకసారి చూసి, చేతులు రెండూ పైకెత్తి గట్టిగా చెప్పింది.

"అవును. నేనే చంపాను."

చప్పట్లు మోగిపోయాయి. గొంతు ఎంత బాగా వణికించిందో అని పక్క బల్లావిడ మెచ్చుకుంది. డిటెక్టివ్ ఒక్కడే బిక్కమొహం వేశాడు. అతని కథలో ఈ హంతకురాలు లేదు మరి.

పెద్దమ్మ వంటగది తలుపు మీది రాత వైపు చూసింది. ఫ్యాక్టరీలో పట్టుబడ్డవాళ్ళని ఆఫీసు గదిలోకి పంపడంతో ఆవిడ పని అయిపోయేది. ఆ గదిలో ఏం జరిగేదో ఎన్నడూ చూడలేదు. ఇక్కడ మేనేజరే నవ్వు మొహంతో నడిచొచ్చి, ఆ మూటేమిటని ఆ అమ్మాయిని మెల్లగా అడిగాడు.

"నాదే బాబూ" అంది పెద్దమ్మ. "నా పళ్ళెంలోవి. ఇంటికి పట్టుకెళ్దామని నేనే దాచమన్నాను."

మేనేజరు ఆవిడని ఎగాదిగా చూశాడు. అడిగితే మేమే కట్టిచ్చేవాళ్ళం కదండీ అన్నాడు, నాలుగు బల్లలకి వినబడేలా. ఎవరో కిసుక్కున నవ్వారు. పరాయి దారప్పోగు ఎన్నడూ ముట్టని మనిషి తలొంచుకుని నిలబడింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అసలు హంతకుడు వేరేవాడని ఆఖర్లో తేలింది. అయినా ఉత్తమ డిటెక్టివ్ అంటూ పెద్దమ్మ నెత్తిన కాగితం టోపీ పెట్టారు. ఆవిడ దాన్ని తీసే ఓపిక లేనట్టు అలాగే కూర్చుంది. అప్పుడే ఆ అమ్మాయి ఆ ముక్కల్ని శుభ్రంగా ఒక డబ్బాలో సర్ది, రెండు చేతులతో తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"మీదేనమ్మా, తీసుకోండి."

మేనేజరు చూస్తున్నాడు. తీసుకోకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. పెద్దమ్మ తీసుకుంది. ఆ అమ్మాయి మొహంలోకి మాత్రం చూడలేకపోయింది.

బయటికొచ్చాక, వెనక తలుపు నుంచి వెళ్ళి ఇచ్చేద్దామా అన్నాను.

"ఆ పిల్లని మళ్ళీ పట్టిద్దామా?" అంది. కాసేపటికి, "ఎవరికోసం దాచుకుందో ఏమో. నోటికాడిది లాక్కున్నానే" అంది.

డబ్బాని సంచిలో పెట్టి, సంచిని చంకలో అదుముకుంది. ఇంటిదాకా ఆ చెయ్యి ఊపలేదు.